అంచు పీకి చూసిన గుడ్డ

పన్నెండూ పదికి ఫోన్లో ఒక వీడియో వచ్చింది. పట్టుమని ఇరవై సెకన్లు కూడా లేదు. అది రాకముందు పీలిక కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో స్టూలు మీద కూర్చుని, ఒక చేత్తో అన్నం డబ్బా మూత తీస్తూ, ఇంకో చేత్తో ఫోన్ తోసుకుంటూ, బొంతలు కుట్టేవాళ్ళలో తనంత తెలివైనది ఇంకొకతె పుట్టలేదన్న ధీమాతో ఉంది. వీడియో చూశాక ఆ మూత అలా చేతిలోనే ఉండిపోయింది.

పీలిక అసలు పేరేం కాదు. చిన్నప్పుడు ఫ్యాను గాలికి ఎగిరిపోయేలా ఉండేదని వాళ్ళ పెద్దమ్మ అలా పిలిచింది, అదే అతుక్కుపోయింది. పెద్దయ్యాక గుడ్డముక్కల పిచ్చి పట్టేసరికి "చూశావా, మా అక్క నోట మాటొస్తే అయిపోయినట్టే" అని వాళ్ళమ్మ నవ్వుకుంది. పగలంతా కళ్ళద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చడం ఉద్యోగం. మిగిలిన ప్రాణమంతా బొంతలే. ఫోన్లో గుడ్డలు చూడటం, నచ్చినవి కొనేయడం, కిలోల లెక్కన వచ్చే ముక్కల మూటలు విప్పి మంచం మీద రంగుల వారీగా కుప్పలు పెట్టడం, అరచేయంత చదరాలు కత్తిరించి అతకడం, అతికినవి విప్పడం, మళ్ళీ అతకడం. "మనింటికి చుట్టాలు రావడం మానేశారే. కూర్చోడానికి చోటుంటేగా! ఆ పార్సిలాయన ఒక్కడే రోజూ వస్తున్నాడు, ఆయనకో మంచం వేసేద్దామా?" అంటుంది అమ్మ.

ఫోన్లో చూసి గుడ్డ కొనడమంటే కళ్ళకు గంతలు కట్టుకుని కూరగాయలు ఏరుకోవడమే. ఫోటోలో నెమలి కంఠం రంగు, మూట విప్పితే బురద రంగు. నూటికి నూరు పాళ్ళు నూలు అని పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తారు, ఉతికి ఇస్త్రీ పెడితే ఇస్త్రీ పెట్టెకే అంటుకుపోతుంది. అందుకే పీలికకి ఒక నియమం. వచ్చిన ప్రతి గుడ్డలోంచీ రెండు పోగులు పీకి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపిస్తుంది. నూలైతే కాగితంలా కాలి, కాగితం వాసనే వేసి, వేలితో నలిపితే బూడిదైపోతుంది. ప్లాస్టిక్ కలిసిందైతే మంటకి ముడుచుకుని, కరిగి, నల్లటి పూసలా గడ్డకడుతుంది. ఈ పరీక్ష సంగతి ఎవరు దొరికితే వాళ్ళకి చెబుతుంది. ఒకసారి బస్సులో పక్క సీటావిడకి చెబితే, ఆవిడ దిగాల్సిన చోటుకి రెండు స్టాపుల ముందే దిగిపోయింది.

వీడియో పంపింది కత్తెరక్క. గుడ్డలపిచ్చి వాళ్ళందరూ చేరిన ఫోన్ గుంపులో పీలికకి మూడేళ్ళుగా తెలిసిన మనిషి. ముఖం ఎప్పుడూ చూడలేదు, వీడియోల్లో చేతులు మాత్రమే కనిపిస్తాయి. ఇందులోనూ చేతులే. ఆ చేతుల్లో బూడిదరంగు మీద పసుపు చుక్కల గుడ్డ. పిల్లి పొట్టలా నూగు నూగుగా, మెత్తగా ఉండే గుడ్డ. పీలికకి ఆ గుడ్డ తెలుసు. అదే దుకాణం నుంచి మూడు మీటర్లు తెప్పించుకుంది.

చేతులు ముందు గుడ్డ అంచు పోగులు పీకి వెలిగించాయి. కాగితంలా కాలాయి, బూడిదయ్యాయి. తర్వాత గుడ్డ మధ్యలోంచి వేలెడు ముక్క కత్తిరించి పుల్ల చూపించాయి. మంట ముందు ఆ నూగు మీద బుస్సుమని పాకింది. తర్వాత గుడ్డ కరిగి బొట్లు బొట్లుగా కింద పళ్ళెంలో పడింది, పడిన బొట్లు పడినచోటే మండుతూ ఉన్నాయి. కింద కత్తెరక్క రాసింది: "అంచు నూలు, లోపలంతా ప్లాస్టిక్. అంచు చూసి మోసపోకండి అమ్మాయిలూ, నా కొంప మునిగింది."

పీలిక పరీక్ష చేసింది అంచుకే.

ఎందుకంటే అది మూడు మీటర్ల ఒక్క ముక్క, అంత ముద్దుగా ఉన్నదాన్ని మధ్యలో కత్తెర పెట్టి గాయం చేయడానికి మనసు రాలేదు. అంచు ఎలాగూ కత్తిరించి పారేసేదే కదా అని, అక్కడే రెండు పోగులు పీకి, వెలిగించి, నలిపి, వేలి మీది బూడిద ఊది, భేష్ అనుకుంది. ఆ గుడ్డ ఇప్పుడు రెండు వందల నలభై చదరాల బొంతకి అడుగు గుడ్డగా ఉంది. ఆ బొంత పెద్దమ్మ మోకాళ్ళ మీద ఉంది. దాని కింద హీటరు ఉంది. హీటరు పక్కన పెద్దమ్మ పాదాలున్నాయి. ఆ పాదాలకి స్పర్శ లేదు.

ఒంట్లో ఉన్న రక్తమంతా ఎవరో కుళాయి తిప్పి వదిలేసినట్టయింది పీలికకి.

పెద్దమ్మకి షుగరు వచ్చి ఇరవై ఏళ్ళు. చీలమండల కింద ఏమీ తెలియదు. "ఇవి నా పాదాలు కావే, ఎవరో అద్దెకిచ్చినట్టున్నాయి" అంటుంది. ఒకసారి అరికాలికి డ్రాయింగ్ పిన్ను గుచ్చుకుంటే రోజంతా దాంతోనే ఇల్లంతా తిరిగి, సాయంత్రం నేల మీద రక్తం చూసి ఎవరిదా అని వెతికింది. అందుకే ఆవిడకి హీటరంటే హడల్. చలికి పళ్ళు టకటకలాడుతున్నా దాన్ని గదికి ఆ మూలే పెట్టేది. మొన్న ఆదివారం బొంత పట్టుకెళ్ళిన పీలికే దాన్ని ఈ మూలకి లాగింది.

"వద్దే, కాలుతుందేమో" అంది పెద్దమ్మ, పాముని చూసినట్టు హీటరుని చూస్తూ.

"ఏం కాలదు పెద్దమ్మా! అసలు సిసలు నూలు. నేనే కాల్చి చూశా."

"కాల్చి చూసి, కాలదంటావేంటే?"

"అబ్బా, ఆ పరీక్ష వేరే పెద్దమ్మా, నీకు అర్థం కాదులే. ఇదిగో, ఇలా మోకాళ్ళ మీంచి దీని మీదుగా గుడారంలా వేసుకో. వెచ్చదనం ఎక్కడికీ పోదు. చూడు ఎంత బాగుందో!"

పెద్దమ్మ చూసింది. బాగుంది. "ఏమో తల్లీ, చదువుకున్నదానివి" అని నవ్వి కళ్ళు మూసుకుంది.

అది గుర్తొచ్చి పీలిక లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. ఒకవేళ కత్తెరక్కకి వచ్చిన మూట వేరేమో. ఒకవేళ తనకి వచ్చింది మంచిదేమో. మిగిలిన ముక్కతో కళ్ళద్దాలు తుడుచుకునే రుమాళ్ళు కుట్టి సొరుగులో పడేసింది కదా! సొరుగు లాగింది, ఒక రుమాలు తీసింది, దాని మధ్యలోంచి చిన్న ముక్క కత్తిరించింది. ఫ్రేములు వంచడానికి వేడిచేసే చిన్న స్పిరిట్ దీపం ఉంటుంది బల్ల మీద. దాన్ని వెలిగించి, పట్టకారుతో ముక్కని దగ్గరికి తీసుకెళ్ళింది. ఇంకా తగలనే లేదు, గుడ్డ తనంతట తనే మంటలోకి దూకినట్టు అంటుకుంది. నల్లటి బొట్టు ఒకటి బల్ల మీద పడింది, దాని మీద చిటికెన వేలంత మంట నిలబడింది.

"ఏంటమ్మా ఆ కంపు! షాపు తగలెడతావా ఏంటి?" అంటూ తెర తీసుకుని వచ్చాడు అద్దాల మాస్టారు. షాపు ఆయనదే. ముక్కు మీద ఒక కళ్ళజోడు, నెత్తి మీద ఇంకోటి.

"మాస్టారూ నేను వెళ్ళాలి. మా పెద్దమ్మ కాలిపోతోంది."

"ఆఁ?!"

"కాలిపోతోందో లేదో తెలీదు!"

"తెలీకపోతే ఫోన్ చెయ్యి తల్లీ!"

"ఎత్తదు మాస్టారూ!"

"ఎందుకెత్తదు?"

"ఆవిడ టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసింది మాస్టారూ!"

మాస్టారికి అర్థం కాలేదు గానీ అది నిజం. ముప్పై మూడేళ్ళు చెవికి తీగలు తగిలించుకుని ఊరందరి హలోలూ విన్న పెద్దమ్మ, రిటైరైన రోజే "ఇక నా జన్మలో హలో అనను" అని ప్రకటించింది. ఫోన్ ఉంది. అది వంటింట్లో డబ్బాల వెనక మోగుతుంది, మోగి మోగి ఊరుకుంటుంది. పీలిక చేసింది. మోగింది. మళ్ళీ చేసింది. అమ్మకి చేస్తే అమ్మ పనిచేసే చోట ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారు, అక్కడా మోగుతోంది. పెద్దమ్మ కింది వాటా టీచరు నంబరు ఎప్పుడూ తీసుకోనే లేదు. ఎక్కడెక్కడో ఫోన్లు మోగుతున్నాయి, ఎత్తేవాడు లేడు.

"ఇంకా నిలబడ్డావేం మరి? పో!" అని అరిచాడు మాస్టారు, దీపం మీద మూత బోర్లిస్తూ.

పీలిక ఏప్రాన్ విప్పకుండానే పరిగెత్తింది. బస్సు దొరికింది. నాలుగు స్టాపులు. మామూలుగా ఆ నాలుగు స్టాపుల్లో ఎవరి చొక్కా ఏ గుడ్డో చూసుకుంటూ కూర్చునేది. ఇవాళ తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని, బస్సుని తానే తోస్తున్నట్టు ముందుకి వంగి నిలబడింది. మొదటి స్టాపు. ఎవరో ముసలాయన దిగడానికి ఒక కాలు పెట్టి, ఆలోచించి, రెండో కాలు పెట్టాడు. రెండో స్టాపు. అప్పుడు, అక్కడ, కమ్మీ పట్టుకుని ఉండగా, ఆదివారం పెద్దమ్మ అడిగిన మాట మళ్ళీ వినిపించింది. కాల్చి చూసి, కాలదంటావేంటే?

కాలదని ఎవరన్నారు? నూలైతే కాగితంలా కాలుతుందని తనే కదా ఊరంతా చాటుకుంటూ తిరిగేది! ప్లాస్టిక్ సంగతి తర్వాత, అసలు నూలే అయినా, కాగితంలా కాలే గుడ్డని హీటరు మీద గుడారం వేసుకోమని, కాలు కాలినా తెలియని మనిషికి చెప్పింది. పరీక్ష పాసైందన్న మురిపెంలో అది ఏ పరీక్షో మర్చిపోయింది. అంచు మోసం చేసిందని గుడ్డని తిట్టుకుంటూ వచ్చింది ఇంతదాకా. ఇప్పుడు తిట్టుకోడానికి ఎవరూ మిగల్లేదు, తను తప్ప.

మూడో స్టాపుకి ముందు సిగ్నలు పడింది. బస్సు ఆగింది. ముందు ఇంకో బస్సు, దాని ముందు లారీ. పీలిక తలుపు గొళ్ళెం మీద చెయ్యేసింది.

"ఏయ్ అమ్మాయ్, ఇక్కడ దిగకూడదు!" అన్నాడు కండక్టరు.

"నేను దిగట్లేదు, దూకుతున్నా!" అని దూకింది.

అక్కడి నుంచి పరుగే. ఇనుప సామాన్ల షాపు, మందుల షాపు, తాళం వేసిన ట్యూషన్ సెంటరు, గొడుగులు బాగుచేసే ఆయన. డొక్కలో సూది గుచ్చినట్టు నొప్పి. కళ్ళ ముందు ఒకటే బొమ్మ: నూగు మీద బుస్సుమని పాకే మంట. ఆ చదరాలన్నీ తనే అతికింది. ఏ చదరం పక్కన ఏది ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు, అందుకే మంట ఎటు నుంచి ఎటు పాకుతుందో కూడా వరసగా కనిపిస్తోంది. నీలం గళ్ళది. తర్వాత ఆకుపచ్చ తీగలది. తర్వాత అమ్మ పాత జాకెట్టు ముక్క. ఆ తర్వాత పెద్దమ్మ ఒడి.

పెద్దమ్మ వాటా రెండో అంతస్తులో. మెట్ల దగ్గరికి రాగానే పీలిక ముక్కుకి వాసన తగిలింది. కాలిన ప్లాస్టిక్ వాసన. ఆగింది. మెట్లలోంచి వస్తోందా? చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. వేళ్ళకీ అదే వాసన, షాపులో కాల్చింది. ఏది ఎక్కడిదో తెలియడం లేదు. ఇక ఆలోచించకుండా రెండేసి మెట్లు ఎక్కింది.

తలుపు వేసి ఉంది. బెల్లు లేదు. ఫోన్ మోతే కాదు, ఏ మోతా పడదని పెద్దమ్మ దాని తీగలు ఎప్పుడో పీకించేసింది. పీలిక రెండు చేతులతో బాదింది.

"పెద్దమ్మా! పెద్దమ్మా, నేను! తలుపు తియ్!"

లోపల టీవీ మాట్లాడుతోంది. పెద్దమ్మ మాట్లాడటం లేదు.

"ఏమైందే పిల్లా, భవనం కూలగొడతావా?" కింది వాటా లెక్కల టీచరు మెట్ల మలుపులోంచి తొంగి చూసింది. పెద్దమ్మ ఇంటి తాళంచెవి ఒకటి ఆవిడ దగ్గరే ఉంటుంది.

"టీచర్, తాళంచెవి! హీటరు! బొంత కాలిపోతుంది, పెద్దమ్మకి తెలీదు!"

టీచరు ఇంకో ప్రశ్న వెయ్యలేదు. లోపలికెళ్ళి చెవుల గుత్తితో పైకొచ్చింది. పదహారు చెవులున్నాయి దానికి. మొదటిది దూరలేదు. రెండోది దూరి తిరగలేదు. "ఇత్తడిదే, ఇత్తడిదే అనుకుంటా" అని టీచరు గొణుగుతోంది. మూడోది తిరిగింది.

గదిలో సన్నగా నీలం రంగు పొగ. కిటికీ వెలుగులో దారప్పోగులా వేలాడుతోంది. కుర్చీలో పెద్దమ్మ, తల ఒక పక్కకి వాలిపోయి, నోరు కొంచెం తెరుచుకుని. ఒడిలోంచి నేల దాకా బొంత, దాని కింద ఎర్రటి వెలుగు. పీలిక గుమ్మంలోనే ఆగిపోయింది. పెద్దమ్మ ఊపిరి తీస్తోందా? తెలియడం లేదు. చూడాలంటే దగ్గరికెళ్ళాలి. దగ్గరికెళ్ళాలంటే భయం.

"స్విచ్చి!" అని అరిచింది టీచరు.

ఆ అరుపుకి పీలిక కదిలింది. గోడ దగ్గరికెళ్ళి ప్లగ్గు పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఎరుపు చల్లారింది. పెద్దమ్మ కళ్ళు తెరిచింది.

"ఎవరే? పీలికా? షాపుకి పోలేదా ఇవాళ?" అని నిద్రమత్తులో నవ్వింది. "అబ్బ, ఎంత వెచ్చగా ఉందే తల్లీ. ఈ చలికాలం ఇంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదు."

పీలికకి ఆ మాట మంట కన్నా ఎక్కువ తగిలింది. ఏమీ అనలేక మోకాళ్ళ మీద కూర్చుని బొంత అంచు ఎత్తింది. ఎత్తితే కొంత వచ్చింది, కొంత రాలేదు. ఎడమకాలి దగ్గర పట్టేసింది. అడుగు గుడ్డ హీటరుకి ఎదురుగా ఉన్న చోట బెత్తెడు మేర గోధుమరంగు తిరిగి, మెరుస్తూ, జిగురులా కరిగి, పెద్దమ్మ ఉన్ని మేజోడుకి అంటుకుపోయింది.

"లాగకు!" అంది టీచరు, పీలిక భుజం పట్టుకుని. "లాగితే చర్మం వస్తుంది. కత్తిరించు, చుట్టూ కత్తిరించు. తర్వాత నీళ్ళు."

"ఏం కత్తిరిస్తారు? బొంతనా? ఎందుకే, కొత్త బొంత!" అంది పెద్దమ్మ.

"పెద్దమ్మా, కదలకు. దండం పెడతా, కాలు కదపకు."

ఏప్రాన్ జేబులో చిన్న కత్తెర ఉంది. నెల రోజులు కూర్చుని, కుట్టు కుట్టుకీ సంబరపడుతూ కుట్టిన బొంతని పీలిక పరపరా కత్తిరించింది. ఏ చదరం మీద నుంచి కత్తెర పోతోందో చూడనైనా లేదు. కాలికి అంటుకున్న ముక్క చుట్టూ వదిలి, మిగతాది గది అవతలికి విసిరింది. టీచరు బాత్‌రూములోంచి బకెట్టుతో నీళ్ళు తెచ్చి చెంబుతో పాదం మీద పోయడం మొదలెట్టింది. ఇద్దరూ వంతులేసుకుని పోశారు. నీళ్ళు గచ్చు మీద నుంచి టీవీ కిందకి పోతున్నాయి. పెద్దమ్మ పైనుంచి చూస్తూ ఉంది, అద్దెకిచ్చిన వాళ్ళ సామాను ఎవరో కడుగుతున్నట్టు.

కాసేపటికి ఆవిడ నవ్వు పోయింది.

"పీలికా. కాలిందా?"

పీలిక చెంబు ఆపలేదు.

"నేను వంగలేను, వంగినా నాకు కనపడదు. కనపడినా తెలీదు. నువ్వు చూసి చెప్పు."

"టీచర్ చూస్తారు పెద్దమ్మా..."

"నిన్నడిగాను."

పీలిక చెంబు కింద పెట్టింది. తడిసిన ఉన్నిని కత్తెరతో పైనుంచి మెల్లగా కోసింది. చాలా చోట్ల ఉన్ని మందంగా ఉండి కాపాడింది, కింద చర్మం ఎర్రబడింది అంతే. అక్కడిదాకా చూసి కళ్ళు మూసుకుంది. మడమ మిగిలింది. మేజోడు మడమ దగ్గర అరిగి చిల్లు పడి ఉంది, ఆ చిల్లులోంచి కరిగిన గుడ్డ నేరుగా కాలి మీదే గడ్డకట్టింది. కళ్ళు తెరవకపోతే అది లేనట్టే. ఒక్క క్షణం నిజంగా అలాగే అనిపించింది.

"ఏమీ లేదని మాత్రం అనకు" అంది పెద్దమ్మ, మెల్లగా. "లైను బాగానే ఉంది, లైను బాగానే ఉంది అని అబద్ధాలు చెప్పే గొంతులు ముప్పై మూడేళ్ళు విన్నాను. నాకు తెలిసిపోతుంది."

పీలిక కళ్ళు తెరిచింది.

"ఉంది పెద్దమ్మా" అంది. "మడమ మీద. రూపాయి బిళ్ళ కన్నా పెద్దది. గుడ్డ అంటుకుని ఉంది. దాని చుట్టూ తెల్లగా ఉబ్బింది."

పెద్దమ్మ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. పట్టుకుని, "సరే" అంది. ఆవిడ ఇంతగా భయపడటం పీలిక పుట్టాక మొదటిసారి చూసింది.

టీచరూ పీలికా కలిసి కుర్చీతో సహా ఆవిడని కిందికి దించారు. ఒక్కో మెట్టుకీ "జాగ్రత్తే, జాగ్రత్తే, నేను బొంతని కాదు" అంటూ పెద్దమ్మ కసురుతూనే ఉంది. ఆసుపత్రి వీధి చివరే. డాక్టరమ్మ తలపైని దీపం కిందకి లాగి, పట్టకారుతో ఆ గడ్డకట్టిన గుడ్డని రవ్వ రవ్వగా తీయడం మొదలెట్టింది.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"ఉంటే బాగుండేదమ్మా" అంది పెద్దమ్మ.

పట్టకారు కదిలిన ప్రతిసారీ పీలిక గోడకి నొక్కుకుపోతోంది. అలాంటి పట్టకారుతోనే తను రెండు పోగులు పట్టుకుని వెలిగించింది. ఒక రవ్వ ఊడి పళ్ళెంలో పడింది. దాని మీద పసుపు చుక్క ఒకటి ఇంకా చెక్కుచెదరకుండా ఉంది.

"ఎలా జరిగింది ఇది?" అడిగింది డాక్టరమ్మ, తల ఎత్తకుండా.

"ముసలి బుద్ధి కదా" అంది పెద్దమ్మ వెంటనే, గడగడా. "చలికి ఆగలేక హీటరు నేనే దగ్గరికి లాక్కుని..."

"కాదు" అంది పీలిక.

"నువ్వూరుకోవే."

"కాదు డాక్టర్. పెద్దమ్మ వద్దంది. నేనే లాగాను. బొంత దాని మీద కప్పుకోమని నేనే చెప్పాను. నేనే కాల్చి చూశాను, ఏం కాదు అని చెప్పాను." అనేసి ఊపిరి తీసుకుంది. డాక్టరమ్మ అరుస్తుందనుకుంది పీలిక. అరవలేదు. ఒక్క క్షణం పీలిక వైపు చూసి మళ్ళీ మడమ మీదకి వంగింది.

"ఇలాంటి పాదాలకి గాయమైతే మానడం నిదానం" అంది చివరికి, కట్టు కడుతూ. "రోజూ కట్టు విప్పి చూడాలి. నలుపు తిరిగినా, వాసనొచ్చినా, ఎరుపు పైకి పాకినా ఒక్క పూట ఆగొద్దు, తీసుకొచ్చెయ్యండి. ఈ వారం గడిస్తే ధైర్యం."

"గడవకపోతే?" అడిగింది పీలిక.

"గడవకపోతే అప్పుడు చూద్దాం."

అప్పుడు చూద్దాం. కాలు తీసేయాలి అని చెప్పినా ఇంత భయం వేసేది కాదేమో.

"ఇంట్లో కట్టు ఎవరు మారుస్తారు?" అని నర్సు కాగితం పట్టుకుని నిలబడింది. "కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళు పనికిరారు. సరిగ్గా చూడాలి."

టీచరు గొంతు సవరించుకుంది. పెద్దమ్మ అడ్డొచ్చింది.

"ఇది మారుస్తుంది" అంది, గడ్డంతో పీలికని చూపించి.

"నేనా? పెద్దమ్మా, నాకు భయం!"

"తెలుస్తూనే ఉందిగా. మొన్న ఆ భయం లేదు, అదే వచ్చింది చావు."

నర్సు నవ్వాపుకుని కాగితం మీద రాసుకుంది.

మర్నాడు పొద్దున్నే, షాపుకి వెళ్ళే ముందు, పీలిక దూది, కట్టుగుడ్డ, మందు నీళ్ళు తీసుకుని పెద్దమ్మ కుర్చీ ముందు చాప వేసుకుని కూర్చుంది. రాత్రంతా ఫోన్లో ఒక్క గుడ్డయినా చూడలేదు. గుంపులో మాత్రం రాసింది, దాచకుండా, జరిగింది జరిగినట్టు, హీటరు సంగతితో సహా. హీటరు ఇప్పుడు గదికి ఆ మూల, గోడ వైపు తిరిగి ఉంది. పెద్దమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని, ముక్కు మాత్రం బయట పెట్టుకుంది.

ఎడమకాలు ఒళ్ళో పెట్టుకుంది పీలిక. బరువుగా, చల్లగా ఉంది. కట్టు మొదటి చుట్టు విప్పింది. రెండోది విప్పింది. మూడో చుట్టు దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. దాని కింద ఏముందో. తెల్లగా ఉందో, నల్లగా ఉందో. ముందు ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది, మందు వాసన తప్ప ఏమీ లేదు. దాన్ని నమ్మలేక ఇంకోసారి చూసింది. చివరి చుట్టు విప్పి, కాలిని కిటికీ వెలుగు వైపు తిప్పింది.

"ఊఁ" అంది పెద్దమ్మ దుప్పట్లలోంచి. "చెప్పు."

"మడమ మీద ఎర్రగా ఉంది పెద్దమ్మా. కొంచెం నీరు కారింది. నిన్న తెల్లగా ఉబ్బిన చోటు ఇవాళ చితికింది, కింద చర్మం గులాబీరంగుగా ఉంది. నలుపు లేదు. వాసన లేదు. ఎరుపు చీలమండ దాకా రాలేదు, నిన్న డాక్టరు పెన్నుతో గీసిన గీత లోపలే ఉంది." ఒక్క గుక్కలో చెప్పేసి ఆగింది. "ఆగు, ఇంకా అయిపోలేదు. వేళ్ళ మధ్యల్లో కూడా చూడాలి."

"నిదానంగానే చూడు" అంది పెద్దమ్మ. "నేనెక్కడికి పోతాను?"